సొర కోసం బిగించిన రీలు

ఫలక్‌నుమా స్టేషన్‌కి పోయే దారిలో నాకొక లేత్ షాపు ఉండేది. షాపంటే పదడుగుల గది, అందులో మా నాయన నాటి లేత్ మిషను, ఒక డ్రిల్లు, గోడకు వేలాడే బెల్టులు. బోరు మోటార్ల షాఫ్టులు, కుట్టు మిషన్ల పుల్లీలు, చెరకు రసం బండ్ల గేర్లు, చుట్టుపక్కల ఏది అరిగినా నా దగ్గరికే వచ్చేది. తొంభైల చివరికొచ్చేసరికి అదీ తగ్గింది. అరిగినదాన్ని పారేసి కొత్తది కొనుక్కోవడం జనానికి అలవాటవుతున్న రోజులు. పొద్దుటి నుంచి మిషను ఆన్ చెయ్యకుండానే సాయంత్రమైన రోజులు చాలా ఉన్నాయి.

అలాంటి ఒక ఆదివారం, నలభై ఐదేళ్ళాయన ఒకరు పేపర్లో చుట్టిన వస్తువు తెచ్చి బెంచీ మీద పెట్టాడు. విప్పితే తుప్పు ముద్ద. రెండు నల్లటి గుండ్రటి పలకల మధ్య ఇత్తడి కండె, ఒక పక్క చిన్న పిడి.

"ఇది తిరిగేలా చెయ్యగలరా మేస్త్రీ? గురువారం సంతలో పాత ఇనుములో దొరికింది."

"ఏంది సార్ ఇది? పతంగి చరఖానా?"

ఆయన నవ్వాడు. "గాలం రీలండీ. పెద్ద చేపలకి."

"మన మూసీల పెద్ద చేపలు యాడున్నయ్ సార్?"

"మూసీలో కాదు. సముద్రం ఒడ్డున నిలబడి సొరని పట్టడానికి."

సొరంటే ఏమిటో కూడా నాకు సరిగా తెలియదు. షార్కు అని ఆయనే చెప్పాడు. తమ వైపు బాలింతలకి సొర పులుసు పెడతారని, మనిషిని మింగేవి కాదు గానీ మనిషంత బరువున్నవి ఒడ్డు దగ్గరికి వస్తాయని చెప్పాడు. చెప్తూ చెప్తూ బెంచీ మీద దుమ్ములో వేలితో దాని బొమ్మ గీశాడు. అంత తేలిగ్గా, ఎక్కడా ఆగకుండా గీత గీసే వేలిని నేను అంతకు ముందు చూడలేదు.

ఆయన ఒక సర్కారు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. కాలువలకీ వంతెనలకీ నక్షలు గీయడం పని. కోస్తాలో సముద్రం ఒడ్డు పల్లె ఆయనది, తండ్రి అక్కడ బడిపంతులు. ఉద్యోగానికి ఇక్కడికొచ్చి ఇరవయ్యేళ్ళయింది. లాల్‌దర్వాజాలో పాలవాళ్ళ ఇంటి పై వాటాలో రెండు గదులు తీసుకుని భార్యతో ఉండేవాడు. పిల్లలు లేరు. చిన్నప్పుడు ఒక సాయంత్రం ఒడ్డున చేతి గాలం వేసుకుని కూర్చుంటే ఏదో పట్టుకుని లాగిందట. దారమంతా పోయి, చివర కట్టిన కర్రముక్క కూడా చేతిలోంచి లాక్కుని పోయింది. ఊళ్ళోవాళ్ళు సొర అన్నారు.

"నేను మాత్రం చూళ్ళేదండీ. తోక కూడా చూళ్ళేదు," అన్నాడు. "ముప్పయ్యేళ్ళు దాటింది. ఒక్కసారి ఒడ్డుకి లాగి, చూసి, వదిలేద్దామని ఉంది. ఇంకేం లేదు."

నాకప్పుడు నలభై. సముద్రం చూసి ఎరగను. ఎందుకు ఒప్పుకున్నానంటే, చాలా రోజుల తర్వాత ఒక మనిషి నా దగ్గరికొచ్చి ఇది బాగుచేస్తావా అని కాకుండా దీన్ని చెయ్యగలవా అని అడిగాడు. అంతే.

ఆ తర్వాత దాదాపు ఏడాది ఆదివారాలన్నీ దానితోనే గడిచాయి. ఆయన రీలు విప్పి, ఒక్కో ముక్కనీ కొలిచి, ఆఫీసు నక్షలాగే నల్ల సిరాతో గీసుకొచ్చేవాడు. పళ్ళు ఎన్ని, రంధ్రం ఎంత, ఎక్కడ ఎంత వదులుండాలి, అన్నీ అందులో ఉండేవి. నేను ఆ కాగితం ముందు పెట్టుకుని ఇత్తడి తిప్పేవాణ్ణి. కొత్త షాఫ్టు, రెండు గేర్లు, ఒక పిడి చేశాను. నా చేతిలో అంత మంచి పని అంతకు ముందూ రాలేదు, తర్వాతా రాలేదు.

ముందు కర్ర సంగతి. సికింద్రాబాద్‌లో ఒక ఆటవస్తువుల షాపులో గాలం కర్రలున్నాయంటే ఇద్దరం పోయాం. అవి చెరువు చేపలకి. ఆరడుగులు ఉన్నాయి, కొస పట్టుకుని వంచితే బెత్తంలాగా ఊగాయి. ఆయన ఒక్కటి చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాడు.

"ఎర దూరంగా విసరక్కర్లేదండీ మనకి," దారిలో చెప్పాడు. "తెప్ప మీద తీసికెళ్ళి అలల అవతల వదిలేస్తారు మావాళ్ళు. కర్ర ఎంత దూరం విసురుతుందని కాదు, దారాన్ని అలల మీదకి ఎత్తి ఎంతసేపు వంగి నిలబడగలదని చూడాలి. పొడుగుండాలి. విరక్కుండా వంగాలి."

నేను ఇనుప పైపు పెడదామన్నాను. ఒక పైపు కొసకి ఇసుక మూట కట్టి చూశాం. వంగింది గానీ మళ్ళీ లేవలేదు. ఇక వెదురే గతి అనిపించి ధూల్‌పేట్ పోయాం. వినాయకుల బొమ్మలకి లోపల వెదురు చట్రం కడతారు కాబట్టి వెదురు సంగతి వాళ్ళకి తెలుస్తుందని నా లెక్క. గడ్డి, గోనెసంచుల మధ్య కూర్చున్న ఒక ముసలి బొమ్మల మేస్త్రి మేం చెప్పింది విని, లోపలికి పోయి నాలుగు బొంగులు తెచ్చి నేల మీద ఒక్కొక్కటే తట్టాడు.

"గిది బోలుగుంటది, పగుల్తది. గిది పచ్చిది. గిది పట్టుండ్రి. లోపల గుల్ల లేదు, గట్టి బొంగు," అని పన్నెండడుగుల దాన్ని ఆయన చేతికిచ్చాడు. "కానీ నూనె తాపాలె సార్. తొందరపడి వంచితే పగుల్తది."

మేం తొందరపడ్డాం. ఆ వారమే బరువు కట్టి వంచితే నడిమధ్యన చిట్లింది. మళ్ళీ పోయి తెచ్చిన రెండోదానికి మూడు నెలలు ఆముదం పట్టించి, పొగలో ఆరబెట్టి, గణుపుల మీద దారం చుట్టి వార్నిష్ వేశాం. అది నిలబడింది. దాన్ని మా షాపులో పెట్టడానికి స్థలం లేక కొస గుమ్మంలోంచి వీధిలోకి వచ్చి ఉండేది. దారినపోయే ప్రతివాడూ ఏందన్నా ఇది అని అడిగేవాడు.

దారానికి ఉస్మాన్‌గంజ్ వెళ్ళాం. తాళ్ళు, వలలు అమ్మే టోకు కొట్టు అది. ఆ కొట్టు సేటు నైలాన్ తంగూసు కండెలు నాలుగు రకాలవి తీసి పెట్టాడు. పట్టుదారమంత సన్నది మొదలు అగ్గిపుల్లంత లావుది దాకా ఉన్నాయి. డ్రాఫ్ట్స్‌మన్ గారు ఒక్కోదాని నుంచి రెండు బారలు కొలిపించి, కొట్టు దూలానికి కట్టి, కింద తూకం రాళ్ళు వేలాడదీయడం మొదలుపెట్టాడు. హమాలీలు పని ఆపి చుట్టూ మూగారు. నాలుగిట్లో రెండోది ఇరవై ఐదు కిలోలకి తెగింది. లావుది యాభై కిలోలు మోసి కూడా తెగలేదు. రాళ్ళే అయిపోయాయి.

"గిదే తీసుకుందాం సార్. దీనికి ఏనుగు గట్టినా తెగది," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేను అరవై కిలోలండీ మేస్త్రీ. దారం నాకన్నా ముందు ఓడిపోవాలి. లేకపోతే నేను ఓడిపోవాలి."

రెండోదే తీసుకున్నాడు, ఐదు వందల గజాలు. కొస దగ్గర సొర పళ్ళకి తెగకుండా రెండు బారల ఉక్కు తీగ ఉంటే చాలన్నాడు. నాకది నచ్చలేదు. బలమైంది ఉండగా బలహీనమైంది ఎంచుకోవడం పనివాడి లక్షణం కాదనుకున్నాను.

ఇక బిళ్ళల సంగతి. దీని గురించి రాయడానికే ఇదంతా రాస్తున్నానేమో. చేప లాగినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెంగా జారుతూ పోవాలి. దానికోసం రీలు లోపల ఒకదాని మీద ఒకటి బిళ్ళలుంటాయి. పక్కనున్న చిన్న చక్రం తిప్పితే అవి బిగుస్తాయి, వదులవుతాయి. ఆ పాత రీలులో ఉన్నవి తోలు బిళ్ళలు. విప్పేసరికే పొడిపొడి అయిపోయాయి.

"చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర మంచి తోలు తెచ్చి ఆముదంలో నానబెడదామా?" అని ఆయన అడిగాడు.

"తోలు ఏం కాలం సార్! స్కూటర్ క్లచ్ ప్లేట్లున్నయ్. కార్కు పట్టీలు. వంద కిలోల బండిని ఆపి కదిలిస్తయ్. మీ సొర ఎంత!"

నేను ఆ ప్లేట్లని సైజుకి కోసి, సన్నగా రుద్ది, నూనె రాసి బిగించాను. చక్రం తిప్పుతుంటే ఎంత నున్నగా బిగిసేదో! ఆ సాయంత్రమే మా వీధిలో పరీక్ష పెట్టాం. ఆయన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. తెలిసిన ఆటో భాయ్ తన బండి వెనక కడ్డీకి దారం కట్టుకుని, "చచ్చా, ఇదర్ సముందర్ కాఁ హై?" అని, ఇక్కడ సముద్రం ఎక్కడిదని నవ్వుతూ బండి ముందుకి పోనిచ్చాడు. కర్ర వంగింది. రీలు సన్నగా కూత పెట్టింది. దారం ఒక్క కుదుపు లేకుండా జారిపోతూనే ఉంది. వీధి చివరి దాకా పోయి ఆటో ఆగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన ముఖం ఆ రోజు ఉన్నట్టు మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

రీలు నా చేతికిస్తూ అన్నాడు: "బాగుందండీ. ఒక్క పని చేద్దామా? ఒక బక్కెట్లో ఉప్పు కలిపి దీన్ని ఒకరోజు నానబెట్టి, మళ్ళీ లాగి చూద్దాం."

"స్కూటర్ వానల నడుస్తలేదా సార్? ఫికర్ జెయ్యకుండ్రి."

ఆయన సరేనన్నట్టు తలూపాడు. నా పని మీద నాకున్న గర్వాన్ని గౌరవించాడు. స్కూటర్ క్లచ్ ఇనుప పెట్టెలో నూనెలో మునిగి ఉంటుందని, ఎంత వాన కురిసినా దానికి చుక్క నీళ్ళు తగలవని నాకు తెలియదా? తెలుసు. ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఆ క్షణంలో మాత్రం గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకోవాలని అనిపించలేదు.

సంక్రాంతి పోయాక చలి తగ్గే ముందు ఆయన ఊరికి బయల్దేరాం. వాళ్ళావిడ స్టేషన్ దాకా వచ్చింది. తక్కువ మాట్లాడే మనిషి. కిటికీ దగ్గర నిలబడి నాతో అంది: "ఆయన్ని నీళ్ళలోకి దిగనివ్వకండి అన్నయ్యగారూ. ఈదడం వచ్చు గానీ, ఈమధ్య ఆయాసం."

"నేనున్న గద చెల్లెమ్మా," అన్నాను.

సముద్రం నాకు నచ్చలేదు. ఆ మాట ఆయనతో అనలేకపోయాను. అంత నీరు, అంత చప్పుడు, ఎక్కడా ఒక గోడ లేదు. నాలుకకి ఉప్పు, చెవిలో ఇసుక. మొదటి రోజంతా ఏమీ పడలేదు. ఆయన తమ్ముడి వరసైన జాలరి తెప్ప మీద ఎర తీసుకుపోయి అలలవతల వదిలి వచ్చేవాడు. మేం ఇసుకలో కూర్చుని దారం వైపు చూస్తూ ఉండేవాళ్ళం. అల వచ్చినప్పుడల్లా తుంపర రీలు మీద పడేది. నేను అంగీ అంచుతో తుడిచేవాణ్ణి. పైన తుడిస్తే లోపలికి పోయింది వస్తుందా?

రెండో రోజు పొద్దు వాలుతుండగా కర్ర కొస రెండుసార్లు వంగి లేచింది. ఆయన నిలబడి, మొల దగ్గర కట్టుకున్న తోలు గిన్నెలో కర్ర మొదలు ఆనించుకుని, వెనక్కి వాలాడు. రీలు కూసింది. మా వీధిలో కూసినట్టే కూసింది.

"మేస్త్రీ!" అన్నాడు.

వంద గజాలు పోయిందేమో. కూత ఆగిపోయింది. నేను చేప ఆగిందనుకున్నాను. కానీ కర్ర ఇంకా వంగుతోంది. ఆయన ఇసుకలో జారుతూ ముందుకి పోతున్నాడు. బిళ్ళలు పట్టేశాయి. చక్రం వదులు చేయబోతే అది కదలడం లేదు. నేను వెనక నుంచి ఆయన నడుం పట్టుకున్నాను. ఇద్దరం మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చాం.

"వదిలెయ్యుండ్రి సార్! కర్ర వదిలెయ్యుండ్రి!" అని అరిచాను.

వదల్లేదు. కుడిచేత్తో రీలు పక్కనున్న మీట నొక్కాడు. అది నొక్కితే కండె పూర్తిగా వదులై తిరుగుతుంది. అంత బిగువు మీద అది ఒక్కసారిగా విడిపోయింది. కండె పిచ్చిదానిలా తిరిగి, దారం చుట్టలు చుట్టలుగా పైకి లేచింది. ఆ చుట్టల్లో ఒకటి ఆయన అరచేతికి, మూడు వేళ్ళకి చుట్టుకుంది. మరుక్షణం చేప మళ్ళీ లాగింది.

ఆయన అరవలేదు. చెయ్యి ముందుకి చాపి, ఎవరో పిలుస్తున్నట్టు నీళ్ళలోకి రెండడుగులు వేశాడు. కత్తి మా సంచిలో ఉంది. సంచి ఒడ్డున ఉంది. అప్పుడు దారం తెగింది. ఆయన ఎంచుకున్న ఇరవై ఐదు కిలోల దారం. నేను చెప్పింది కొని ఉంటే చెయ్యే పోయేది.

జాలరి తమ్ముడు తన తలగుడ్డ విప్పి చేతికి చుట్టాడు. ఆటోలో టౌను ఆస్పత్రికి చేరేసరికి చీకటి పడింది. తెల్లవార్లూ ఆయన పక్కన కూర్చున్నాను. ఒక్కసారే మాట్లాడాడు: "మీట నొక్కకుండా ఉండాల్సింది. నాదే పొరపాటు."

అక్కడ కుట్లు వేశారు. నరాలు తెగాయని తర్వాత హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు చెప్పాడు, వేళ్ళు ఇక పూర్తిగా ముడుచుకోవని కూడా చెప్పాడు. బొటనవేలు బాగానే ఉంది. చూపుడువేలు కాస్త కదిలేది. మిగతా మూడూ చెట్టుకొమ్మల్లా ఉండిపోయాయి. పెన్ను పట్టుకుంటే జారిపోయేది. ఆఫీసులో ఆయన్ని నక్షల బల్ల మీద నుంచి తీసి, వచ్చిన కాగితాల మీద ముద్రలు వేసే సెక్షన్‌లో కూర్చోబెట్టారు. ఎడమచేత్తో ముద్ర వెయ్యడం నేర్చుకున్నాడు.

నెల రోజుల తర్వాత వాళ్ళావిడ మా షాపుకి వచ్చింది. సంచిలోంచి రీలు తీసి బెంచీ మీద పెట్టింది.

"దీన్ని ఇంట్లో ఉంచుకోలేనండీ," అంది. ఇదివరకటిలా అన్నయ్యగారూ అనలేదు. మంచినీళ్ళు ఇస్తే తీసుకోలేదు.

ఆవిడ వెళ్ళాక రీలు విప్పాను. కార్కు నీళ్ళు తాగి ఉబ్బి, మధ్యలో ఇసుక చేరి, ప్లేట్లన్నీ ఒకే ముద్దయి ఉన్నాయి. స్క్రూ డ్రైవర్ పెట్టి పొడిచినా ఊడిరాలేదు. సుత్తితో కొడితే రెండుగా విరిగాయి. షట్టరు సగం దించి, ఆ ముక్కలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మీట నొక్కడం ఆయన పొరపాటు కాదు. అది నొక్కాల్సి రావడం నా పొరపాటు.

వెళ్ళి చెప్పాలి. చెప్పలేదు. రెండేళ్ళు చెప్పలేదు.

విచిత్రమేమిటంటే ఆ రెండేళ్ళూ ఆయన వస్తూనే ఉన్నాడు. ఆదివారం వచ్చి, స్టూలు మీద కూర్చుని, నేను పని చేస్తుంటే చూసేవాడు. ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చాయని, చేత్తో గీసే డ్రాఫ్ట్స్‌మన్లు మిగతావాళ్ళు కూడా ఖాళీగా కూర్చుంటున్నారని చెప్పేవాడు. "నా చెయ్యి బాగున్నా ఇదే గతి లెండి," అనేవాడు. నన్ను ఓదార్చడానికి అన్నట్టు ఉండేది. తనని తాను ఓదార్చుకుంటున్నాడని నాకు తెలుసు. ఆయన టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకోవడం చూసినప్పుడల్లా నా నోటి దాకా వచ్చేది. మింగేసేవాణ్ణి. మా ఇంటావిడకి ఒక్కదానికే చెప్పాను. "జెప్పెయ్యరాదు. కడుపుల పెట్టుకుని కుములుడెందుకు?" అంది. ఆమెకి తేలిక.

చివరికి ఒక ఆదివారం చెప్పేశాను. ఆ రోజు ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. ఆయన మళ్ళీ "ఆ మీట నొక్కకుండా ఉంటే" అన్నాడు, అది మామూలుగా అనే మాటే. ఈసారి నేను లేత్ ఆపేశాను.

"మీట గాదు సార్. నేను పెట్టిన బిళ్ళలు ఉబ్బి పట్టేసినయ్. ఇప్పి చూసిన. మీ ఇంటామె తెచ్చిచ్చిన దినమే చూసిన."

పక్క వెల్డింగ్ షాపులో సుత్తి చప్పుడు వినిపిస్తోంది. నేను ఆయన కాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఉప్పునీళ్ళలో పెట్టి చూద్దామన్నాను కదండీ," అన్నాడు.

కోపంగా కాదు. లెక్కలో ఎక్కడ తప్పిందో దొరికినవాడిలా అన్నాడు. తర్వాత మెల్లగా లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతిదీ రాలేదు. నేనూ వెళ్ళలేదు. రెండేళ్ళు తనని తాను తిట్టుకుంటూ నాతో స్నేహంగా ఉన్నాడు. తిట్టుకోవాల్సింది తనని కాదని తెలిశాక ఇక నా దగ్గర కూర్చోలేకపోయాడు. అందులో తప్పేముంది? ఒక్కోసారి, చెప్పకుండా ఉంటే ఆదివారాలైనా మిగిలేవి కదా అనిపిస్తుంది. ఆ ఆలోచనకి నాకే సిగ్గేస్తుంది.

మరుసటి వేసవిలో ఆయన ముందస్తు రిటైర్మెంటు తీసుకుని ఇల్లు ఖాళీ చేశాడని పాలవాళ్ళ ద్వారా తెలిసింది. సామాను లారీలో పోయి అప్పటికి పది రోజులైందట.

నాలుగేళ్ళ తర్వాత ఒక్కసారి కనిపించాడు. అఫ్జల్‌గంజ్ బస్టాపులో, ఎండలో, చంకలో ఒక ఫైలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. పెన్షన్ కాగితాల కోసం వచ్చానన్నాడు. నేను టీ తాగుదామంటే కాదనలేదు. నిలబడే తాగాం. ఊళ్ళో ఎండలు ఎక్కువున్నాయన్నాడు. మా షాపు నడుస్తోందా అని అడిగాడు. మిషను అమ్మేశాను సార్, ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు చేస్తున్నానని చెప్పాను. మంచిదండీ అన్నాడు. వాళ్ళావిడ బాగుందా అని అడిగాను. బాగుంది అన్నాడు.

బస్సు వచ్చింది, జనంతో నిండి ఉంది. ఫైలు కుడి చంకలో ఇరికించుకుని, ఎడమచేత్తో కడ్డీ అందుకుని ఎక్కబోయాడు. అందలేదు. నేను ముందుకి కదిలేలోపే మెట్టు మీదున్న ఎవరో ఆయన మోచెయ్యి పట్టుకుని పైకి లాగారు. బస్సు కదిలింది. ఆయన లోపలికి, జనంలోకి వెళ్ళిపోయాడు.